పైకి కనబడని దెబ్బకి సాక్ష్యం ఎవరు?



గట్టిగా తోడుకున్న పెరుగు గిన్నె ఎప్పుడైనా చెయ్యి జారి వంటగట్టు మీద పడిందా? స్టీలు గిన్నె కాబట్టి సొట్టయినా పడదు. మూత తీసి చూస్తే మాత్రం పెరుగంతా ముక్కలు ముక్కలై నీరు తేలి ఉంటుంది. తలకి దెబ్బ తగలడం కూడా కొంచెం అలాంటిదేనండీ. పుర్రె చిట్లకపోవచ్చు, చర్మం మీద గీత కూడా పడకపోవచ్చు. కానీ బండి మీంచి విసిరేసినట్లు పడ్డప్పుడు లోపల మెదడు ఒక్కసారిగా కుదిలిపోతుంది. సన్నటి నరాల పోగులు సాగుతాయి, తెగుతాయి.

కాలు విరిగితే కట్టు కనబడుతుంది. జడ్జిగారికి ఎక్స్‌రే చూపించవచ్చు. మెదడుకి దెబ్బ తగిలిన మనిషి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కోర్టు మెట్లు తనే ఎక్కి వస్తాడు. "నిక్షేపంలా ఉన్నాడు కదండీ, ఈయనకేమైంది?" అంటాడు ఇన్సూరెన్సు కంపెనీ లాయరు. ఆ ప్రశ్నకి సరైన జవాబు తెలిసినవాళ్లు ఎవరు? ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. చాలా ఇళ్లలో అది మనమే. అందుకే ఈ వారం వంటల సంగతి పక్కన పెట్టి, తలకి తగిలిన దెబ్బని కాగితం మీద ఎలా రుజువు చెయ్యాలో చెప్పుకుందాం. నేను లాయర్ని కాను, ఇంటర్మీడియెట్ చదివిన ఇల్లాలిని. మా వదిన కేసు కోసం ఆవిడతోపాటు రెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను. అక్కడ తెలుసుకున్నవీ, తరవాత వాకబు చేసి తెలుసుకున్నవీ చెప్తున్నాను.

వదిన పాల పుస్తకం

మా పెదనాన్నగారి అబ్బాయి ఎలక్ట్రీషియను. 2017లో స్కూటరు మీద వెళ్తుంటే ఒక ఆటో అడ్డంగా తిరిగి కొట్టేసింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. కుట్లు మానాయి. "గండం గడిచిందమ్మా" అని చుట్టాలంతా అక్షింతలు వేసి వెళ్లిపోయారు.

నెల తిరిగేసరికి వదినకి అసలు సంగతి తెలిసింది. పొద్దున స్నానం చేసిన మనిషి గంటకల్లా మళ్లీ తువ్వాలు అడిగేవాడు. ఎన్నడూ గొంతు పెంచనివాడు చిన్నపిల్ల పెన్సిలు చప్పుడుకి కంచం విసిరేశాడు. పోపు మాడి పొగ వస్తున్నా పక్కనే కూచుని వాసన తెలీనట్లు ఉండేవాడు. నిజంగానే తెలియలేదు! మెయిను ఆపకుండా వైరు పట్టుకోబోతే కుర్ర హెల్పరు చెయ్యి పట్టి లాగాడు.

ఇవన్నీ ఎవరితో చెప్పినా "దెబ్బ తిన్నాడు కదా, కాస్త చిరాకు ఉంటుందిలే" అనేవారు. వదిన మాత్రం పాల లెక్క రాసే పుస్తకంలో వెనకవైపు నుంచి రాయడం మొదలుపెట్టింది. తారీకు, జరిగింది ఒక ముక్క. అంతే. ఏడాదిన్నర తరవాత కోర్టులో "మీ ఆయన నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంక లోపమేమిటి?" అని అవతలి లాయరు అడిగితే, ఆవిడ ఆ పుస్తకం చూసి మూడు తారీకులు, మూడు సంగతులు చెప్పింది. మళ్లీ అడగలేదాయన. డాక్టరు సాక్ష్యానికి ఆవిడ సాక్ష్యం తోడై కేసు నిలబడింది. ఎంత వచ్చిందని అడక్కండి, అది వాళ్లింటి లెక్క.

మొదటి రెండు రోజులూ కాగితాలే ప్రాణం

ప్రమాదం జరిగిన కంగారులో కాగితాల ధ్యాస ఎవరికుంటుంది? కానీ ఒక్క మనిషయినా ఆ పని చూసుకోవాలి.

ఆస్పత్రిలో "రోడ్డు ప్రమాదం" అని చెప్పి ఎం.ఎల్.సి. నమోదు చేయించండి. "మెట్ల మీంచి పడ్డాడని రాయించండి, పోలీసుల గొడవెందుకు" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. మొదట రాయించిన ఆ ఒక్క ముక్కే తరవాత మెడకి చుట్టుకుంటుంది.

కొట్టిన బండి నంబరు తప్పకుండా రాసిపెట్టుకోండి. బండి ఏదో తెలియని కేసుల్లో ప్రభుత్వ పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి తీవ్ర గాయానికి ఇచ్చేది 50,000 రూపాయలు, మరణానికి 2 లక్షలు. అదే బండి తెలిసి, తప్పు దానిదేనని తేలితే జరిగిన నష్టమంతా అడగవచ్చు. తేడా చూశారా?

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే తెచ్చుకుని తృప్తి పడకండి. కేసు షీటు నకలు అడగండి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళిలోనే ఉంది. అందులో జి.సి.ఎస్. అని ఒక అంకె ఉంటుంది. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూ చేతులూ కదపడం చూసి వేసే మార్కులన్నమాట. 15 వస్తే పూర్తి స్పృహ, 3 అంటే అన్నిటికన్నా కింద. 13 నుంచి 15 దాకా స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 అంతకన్నా తక్కువైతే తీవ్రం. ఎంతసేపు స్పృహ లేదు, వాంతులయ్యాయా, ప్రమాదం జరిగిన విషయం ఎన్నాళ్లకి గుర్తొచ్చింది అన్నవి కూడా డాక్టరుగారికి చెప్పి రాయించండి.

ఇంకో సంగతి. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టనక్కర్లేకుండా చికిత్స ఉంది. ఆస్పత్రిలో అడగడం మరవకండి.

స్కాన్ బాగుందంటే అంతా బాగున్నట్లేనా?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సి.టి. స్కాన్ రక్తం గడ్డనీ, ఎముక చిట్లడాన్నీ చక్కగా పట్టుకుంటుంది. నరాల పోగులు తెగడం మాత్రం చాలాసార్లు దానికి అందదు. ఎం.ఆర్.ఐ.లో కొంత మెరుగ్గా కనబడుతుంది. ఒక్కోసారి అందులో కూడా ఏమీ కనబడదు. అయినా మనిషికి మరుపు, చిరాకు, తలనొప్పి, నిద్రలేమి పోవు.

అప్పుడు చేయించవలసినవి మెదడు పనితీరు పరీక్షలు. క్లినికల్ సైకాలజిస్టు గంటల తరబడి కూచోబెట్టి మాటలు గుర్తుపెట్టించి, బొమ్మలు గీయించి, లెక్కలు చేయించి, జ్ఞాపకశక్తి ఎంత, ఏకాగ్రత ఎంత, ఆలోచించి నిర్ణయం తీసుకునే శక్తి ఎంత అని అంకెల్లో చూపిస్తారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి పరీక్షల వరసనే తయారుచేశారు. మన దగ్గర కూడా న్యూరాలజీ, మానసిక వైద్య విభాగాలున్న పెద్దాస్పత్రుల్లో అడగవచ్చు. "మరుపొస్తోందండీ" అని మనం చెప్పేది మాటే. ఆ పరీక్ష కాగితం మాత్రం రుజువు.

వాసన తెలియకపోతే అది కూడా డాక్టరుకి చెప్పి రాయించండి. తలకి దెబ్బ తగిలినప్పుడు వాసన నరాలు తెగడం ఉన్నదే. గ్యాసు లీకయినా తెలియని మనిషిని ఇంట్లో ఒంటరిగా వదలగలమా?

నోటు పుస్తకం ఎలా రాయాలి?

"ఈ రోజు బాగా లేరు" అని రాస్తే లాభం లేదు. తారీకు, సమయం, జరిగింది, పక్కన ఎవరున్నారు, ఇవి నాలుగూ ఉండాలి. "12వ తారీకు, సాయంత్రం 6 గంటలు. కూరగాయలకి వెళ్లి దారి మర్చిపోయారు. కిరాణా కొట్టు అబ్బాయి తీసుకొచ్చాడు." ఇలా రాయాలి. బాగున్న రోజులు కూడా రాయండి. అన్నీ చెడ్డవే రాస్తే కావాలని రాసినట్లు ఉంటుంది. ఒక్కరోజు కూచుని ఏడాదికి సరిపడా రాసేస్తే అదీ తెలిసిపోతుంది. అప్పటికప్పుడు సొంతంగా రాసుకున్నది చూసి, సాక్ష్యం చెప్పేటప్పుడు జ్ఞాపకం తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది.

తరవాతి సంగతి ఒక్కటే చాలదు, ముందు మనిషి ఎలా ఉండేవాడో కూడా చూపించాలి. జీతం కాగితాలు, పనికి పిలిచేవాళ్ల మాట, పిల్లలైతే మార్కుల కార్డులు, పెళ్లి వీడియోలో చలాకీగా తిరుగుతున్న దృశ్యం, ఏదైనా సరే. మా వదిన లాయరుగారు ఇద్దరు సాక్షుల్ని పిలిపించారు. ఒకాయన పాత కాంట్రాక్టరు, "మునుపు పిలిచేవాణ్ణి, ఇప్పుడు భయమేసి పిలవడం లేదు" అన్నాడు. ఇంకొకడు ఆ కుర్ర హెల్పరు. ఇంటివాళ్లు కాని మనిషి చెప్పే మాటకి బరువెక్కువ.

ఒక ధైర్యం చెప్తాను. ఈ కేసులు క్రిమినల్ కేసుల్లాంటివి కావు. ఇసుమంత అనుమానం కూడా లేకుండా రుజువు చెయ్యాలని లేదు. రెండు వాదనల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో ట్రిబ్యునల్ చూస్తుంది. కాబట్టి చిన్న చిన్న కాగితాలన్నీ ఒకచోట చేరితే గట్టి తాడు అవుతుంది.

శాతం ఒక్కటే చూసి మోసపోకండి

మెడికల్ బోర్డు వాళ్లు వైకల్యం ఇంత శాతం అని సర్టిఫికెట్ ఇస్తారు. మన దగ్గర "సదరం" అని పిలుచుకునేది అదే, ఇప్పుడు దేశమంతటికీ యు.డి.ఐ.డి. కార్డు వచ్చింది. కానీ ఆ శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ సంగతి వివరంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూటికి నూరు శాతం సంపాదన పోయినట్లే, అదే ఆఫీసు గుమస్తాకి ఉద్యోగం నిలవవచ్చు అని ఉదాహరణ ఇచ్చింది. చెయ్యికి చెప్పిందే బుర్రకీ వర్తిస్తుంది. కరెంటు పనివాడికి మతిమరుపు వస్తే ఆ పని ఇక చెయ్యగలడా? సర్టిఫికెట్ మీద అంకె చిన్నదైనా బతుకుతెరువు పోయిందని చూపించాలి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరో, వైద్యం చేసిన డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్తేనే దానికి విలువ. ఉత్త కాగితం దాఖలు చేసి ఊరుకోకూడదు.

ఇల్లాలి తలకే దెబ్బ తగిలితే?

"ఆవిడకి ఉద్యోగమా సద్యోగమా, పోయిన సంపాదనేముంది?" అంటారు. ఈ మాటకి మన సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబిచ్చింది. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో, 2001లో, ఇల్లాళ్లు ఇంటికి చేసే సేవకి నెలకి 3,000 రూపాయల విలువ కట్టింది. 2021 జనవరి 5న ఇచ్చిన ఇంకో తీర్పులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగారు గృహిణి పని గురించి విడిగా రాశారు. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 నాటి సర్వే లెక్కని అందులో ఉదహరించారు. 2024 ఫిబ్రవరిలో, గృహిణి ఆదాయాన్ని రోజుకూలీ కనీస వేతనం కన్నా తక్కువగా లెక్కకట్టడం కుదరదని కూడా చెప్పింది సుప్రీంకోర్టు.

లెక్క ఎలా వేస్తారో చూడండి. ఒక ఇల్లాలికి 42 ఏళ్లు. ఆవిడ పని విలువ నెలకి 12,000 అనుకుందాం. ఆ వయసుకి భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలిపితే 15,000. ఏడాదికి 1,80,000. 41 నుంచి 45 ఏళ్ల వయసుకి కోర్టులు 14తో హెచ్చిస్తాయి. మొత్తం 25,20,000. ఇందులో పని చేసే శక్తి 40 శాతం పోయిందని రుజువైతే 10,08,000 వస్తుంది. 20 శాతమే రుజువైతే సగానికి సగం, 5,04,000. వైద్యం ఖర్చులు, బాధకి ఇచ్చేది ఇవి కాకుండా. మన పుస్తకంలో రాసిన నాలుగు ముక్కలకి ఎంత విలువ ఉందో తెలిసిందా?

మరి ఇల్లాలి పనిని రుజువు చెయ్యడం ఎలా? ప్రమాదం తరవాత వంటమనిషిని పెట్టుకుంటే ప్రతి నెలా ఇచ్చిన డబ్బుకి సంతకమో, ఫోనులో పంపిన లెక్కో ఉంచండి. డ్వాక్రా గ్రూపు లెక్కలు రాసేదా? ఆ పుస్తకాల్లో చేతిరాత ఎప్పుడు ఆగిపోయిందో చూపించండి. బట్టలు కుట్టేదా, పిల్లలకి చదువు చెప్పేదా? ఇరుగుపొరుగుల్ని చెప్పమనండి. ఇంటి సభ్యుల్లో ఒకరు నోటు పుస్తకం పట్టుకోవాలి. పొయ్యి మీద పాలు మర్చిపోయింది, మందులు రెండుసార్లు వేసుకుంది, చీటీ డబ్బు ఎవరికిచ్చిందో చెప్పలేకపోతోంది... మనకి బాగా లేనప్పుడు ఇవన్నీ రాసేవాళ్లు కావాలి కదా. అందుకని ఈ పేజీని మీ ఆయనతో కూడా చదివించండి.

పిల్లలూ, పెద్దలూ

పిల్లల విషయంలో నష్టం పూర్తిగా బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు. 2007లో ట్రాక్టరు మీద వెళ్తున్న పన్నెండేళ్ల పాపకి లారీ కొట్టి తలకి దెబ్బ తగిలింది. ఆ పాప తెలివి తొమ్మిది నెలల బిడ్డ స్థాయిలో ఉండిపోయింది. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర, హైకోర్టు 25 లక్షల చిల్లర ఇస్తే, 2020 ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు 62 లక్షల పైన ఇచ్చింది. అందులో 21,60,000 రూపాయలు జీవితాంతం చూసుకునే ఇద్దరు సహాయకుల కోసమే. దీన్నిబట్టి మనకి తెలిసేదేమిటంటే, చాకిరీ చేసే తల్లి ఊరికే చేస్తోందని వదిలెయ్యకుండా, దానికీ విలువ అడగాలి.

పెద్దవాళ్లకి ఇంకోరకం ప్రమాదం. సైకిలో బైకో తగిలి పడి, లేచి దులుపుకుని వస్తారు. రెండు మూడు వారాల తరవాత మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మగతగా ఉంటారు. లోపల రక్తం నెమ్మదిగా చేరి ఉండవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి మరీ ప్రమాదం. "వయసు మీద పడింది" అనుకోకండి. ఇన్సూరెన్సు వాళ్లు కూడా సరిగ్గా ఆ మాటే అంటారు! పడ్డ రోజే డాక్టరుకి చూపించి చీటీ ఉంచుకుంటే, అప్పటి దెబ్బకీ ఇప్పటి జబ్బుకీ ముడి వెయ్యగలం.

మాటిమాటికీ వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, లేపినా లేవని మగత, ఫిట్సు, ముక్కులోంచో చెవిలోంచో నీరు కారడం, ఒక కంటిపాప పెద్దది కావడం ఏ వయసువారిలో కనబడినా క్షణం ఆలస్యం చెయ్యవద్దు.

గడువూ, జాగ్రత్తలూ

* రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. ప్రమాదం జరిగిన ఊళ్లోనే వెయ్యనక్కర్లేదు, మనం ఉండే చోట కూడా వేసుకోవచ్చు.
* 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద వాదనలు ఎలా ఉన్నా మనం మాత్రం ఆరు నెలలు దాటనివ్వకూడదు.
* పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. వాటి నకళ్లు అడగండి.
* పని చేసే చోట పరంజా మీంచి పడితే దారి వేరు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. యజమానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజెయ్యండి. ఇంట్లో బాత్‌రూములో జారితే ఎవరి మీదా కేసుండదు కానీ, ప్రమాద బీమా పాలసీ ఉంటే దాన్ని తీసి చదవండి.
* "ఇంత తీసుకుని రాజీ పడండి" అని నెలలోపే వచ్చేవాళ్లని నమ్మకండి. మెదడు ఎంతవరకూ కోలుకుంటుందో తేలడానికి నెలలు పడుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే దాని మీద అప్పీలు ఉండదు. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు.
* లాయరుకి డబ్బు లేదని వెనకాడకండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100 నంబరుకి ఫోను చెయ్యండి, లేదా జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి.

ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. మెదడు దెబ్బతిన్న మనిషి తనకేం పోయిందో తానే చెప్పలేడు. చాలామందికి పోయిందన్న సంగతే తెలియదు. డాక్టరు చూసేది పది నిమిషాలు, జడ్జిగారు చూసేది ఒక పూట. మిగతా రోజంతా చూసేది మనమే. చూసింది చూసినట్లు, ఏ రోజుది ఆ రోజు రాసి పెట్టండి. ఇంట్లో అందరూ హెల్మెట్ పెట్టుకునే బయటికి వెళ్లాలని కూడా పట్టుబట్టండి. వెనక కూచునే మనతో సహా! ఈ పుస్తకం రాసే అవసరం ఎవరికీ రాకూడదని కోరుకుంటూ, వచ్చే వారం మళ్లీ కలుద్దాం.